కప్ప ఎగిరిందన్న మాట

రెవిన్యూ ఇన్‌స్పెక్టరు శుక్రవారం ఆదోని నుంచి వస్తున్నాడనీ, బండలచేను సంగతి చావడిలో విచారిస్తాడనీ తలారి చాటింపు వేసి వెళ్ళిన గంటకల్లా భీమమ్మ కిరస్తానపు గేరిలోకి వచ్చింది. ఆ వీధిలో ఆమె అడుగు పెట్టడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. కొంగు నెత్తిన కప్పుకుని, ఎవరైనా పలకరిస్తారేమోనని నేలచూపులు చూస్తూ వచ్చి యేసేపు గుడిసె ముందు నిలబడింది.

యేసేపు సమ్మెటకు కొత్త కామ తొడుగుతున్నాడు. తుమ్మకర్రను చెక్కి సమ్మెట కన్నంలో దూర్చి చూడడం, బయటికి లాగడం, మళ్ళీ ఇంత చెక్కడం. తొందరపడితే కామ వదులవుతుంది. వదులు సమ్మెట ఏదో ఒకనాడు ఊడిపోయి పక్కవాడి నెత్తిన పడుతుంది. అందుకని అతను తొందరపడే మనిషి కాదు. రాయి పగలగొట్టడంలో కోసిగి దాకా అతన్ని మించినవాడు లేడని పేరు. ఊళ్ళో అతనికి ఇంకో పేరు కూడా ఉంది గాని, ఆ పేరుతో పిలిస్తే భార్య దానమ్మ ఊరుకోదు.

"యేసేపన్నా, నువ్వు తప్ప నాకు సాచ్చి ల్యారు" అంది భీమమ్మ. "సచ్చిపోయిన మా ఆయప్పతో కలిసి ఆ బండలన్నీ పీకినోనివి నువ్వే. ఎనిమిదేండ్లు సాగు సేసినాము. ఇప్పుడు ఈరప్ప ఆ చేను నాదంటాండాడు. కరణం లెక్కలో గూడ సాగుదారు ఈరప్పే అని రాసినారంట. ఇన్‌స్పెక్టరు ఎవురి సాగని రాస్తే వాల్లకే పట్టా."

"సెప్తానుగదా భీమమ్మక్కా. నాగప్పన్న నేను కలిసి తవ్వినాము. ఉన్నది ఉన్నట్ల సెప్తాను" అన్నాడు యేసేపు, కామ మీదినుంచి చూపు తిప్పకుండా.

భీమమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు. చెప్పాల్సిన అసలు మాట ఇంకా లోపలే ఉంది. చివరికి గొంతు తగ్గించి అంది.

"కరణం నిన్ను ఆ కప్ప సంగతి అడుగుతాడంట. ఈరప్ప చావడి కాడ నవ్వుతా అంటాండె. అడిగితే, అది ఎగరల్యా, దుంకింది అని ఒగ్గ మాట సెప్పన్నా. ఒగ్గ మాటకు నీదేం పోతాది?"

లోపల చేటతో కొర్రలు చెరుగుతున్న దానమ్మ చేట అలాగే పట్టుకుని బయటికొచ్చింది. సన్నగా, ఎముకలు తేలి ఉండే మనిషి. ఆమె గొంతు మాత్రం సన్నం కాదు.

"ఏం పోతాదా? నీ చేను పోతే నీకు ఏం పోతాదో మాకూ అదే పోతాది. నీకు సాచ్చి కావాల్నా, వస్తాడు. అబద్దం కావాల్నంటే ఇంగో ఇల్లు సూసుకో."

భీమమ్మ కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. యేసేపు తల ఎత్తి భార్యను చూశాడు. ఆమె అప్పటికే లోపలికి పోయి, కొర్రలు చెరగడం మొదలుపెట్టింది. చేట చప్పుడు మామూలుకంటే ఎక్కువగా వినిపించింది.

మూడేళ్ళ కింద, వానలు లేని ఏడు, ఊళ్ళో సగంమందిలాగే వాళ్ళూ రైలెక్కి మల్నాడు కాఫీ తోటలకు పనికి పోయారు. ముగ్గురు పోయి ఇద్దరు తిరిగొచ్చారు. తిరిగొచ్చిన యేసేపు ఊళ్ళో చెప్పింది ఒక్కటే సంగతి, ఆ కొండల్లో కప్ప ఎగిరిందని. మొదట ఎవరూ నవ్వలేదు. ఈ పక్క మాటలో కాకీ ఎగురుతుంది, మేకపిల్లా ఎగురుతుంది, చిన్నపిల్లలూ ఎగురుతారు. కప్ప ఎగరక నడుస్తాదా అని ఊరుకున్నారు. అట్ల కాదప్పా అని యేసేపు చేతులు రెండూ బార్లా చాచి, వేళ్ళు విడదీసి, అది ఈ చెట్టు మీదినుంచి ఆ చెట్టు మీదికి ఎలా తేలిపోయిందో చూపించాడు. అప్పుడు నవ్వారు. ఆ రోజు మొదలు అతను ఊరందరికీ ఎగిరే కప్ప. అసలు పేరు ఎదుట పిలిచేటప్పుడూ, ఓటర్ల జాబితాలోనూ తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఒకసారి బావి దగ్గర ఎవరో అమ్మలక్క, మీ కప్ప ఈ పొద్దు యాడ వాలింది అని అడిగితే, దానమ్మ నిండు బిందె ఆమె కాళ్ళమీద కుమ్మరించి ఖాళీ బిందెతో ఇంటికొచ్చింది.

మరునాడు యేసేపు బండలచేనికి పోయాడు. సాక్ష్యం చెప్పేముందు ఏ రాయి ఎక్కడుందో ఒకసారి కళ్ళారా చూసుకోవాలనిపించింది. ఎండ ముదరకముందే భీమమ్మ కూడా వచ్చింది. నిన్నటి మాటలు ఇద్దరూ ఎత్తలేదు.

మూడెకరాల ఎర్రనేల. ఒకప్పుడు అక్కడ మేకలు కూడా మేసేవి కావు, అన్నీ బండలే. గడ్డపారతో లేచినవాటిని దొర్లించి చుట్టూ గట్టు పెట్టారు. లేవనివాటి మీద పత్తికట్టె పేర్చి కాల్చేవాళ్ళు. బండ బాగా కాగాక నాగప్ప కుండలతో నీళ్ళు గుమ్మరించేవాడు, చిటచిటమని పెచ్చులు లేచేవి, ఆ పగుళ్ళలో యేసేపు ఉలి పెట్టి సమ్మెటతో కొట్టేవాడు. ఇప్పుడు ఆ నేలలో కొర్ర కొయ్యకాళ్ళు ఉన్నాయి. యేసేపు గట్టు వెంట నడుస్తూ, తాను పెట్టిన ఒక్కొక్క రాయినీ అరచేత్తో తట్టుకుంటూ పోయాడు. ఈశాన్యం మూలకొచ్చి ఆగి, మడమతో నేలను రెండుసార్లు తొక్కి చూశాడు.

"ఈ బండ గుర్తుందా అక్కా? మూడు దినాలు కాల్చినాము. సగమే పగిలె. మిగిలిన సగం మోయల్యాక పక్కనే గుంత తీసి పూడ్సినాము."

"గుర్తు ల్యాకేమి. ఆ మూడు దినాలు మీ ఇద్దరికీ సంగటి నేనే తెస్తి." భీమమ్మ గట్టు మీద కూచుంది. నేల మీద పుల్లతో గీతలు గీస్తూ అడిగింది. "యేసేపన్నా, ఆ కప్పను నువ్వు ఒగ్గనివే సూసినావా?"

మూడేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ఎట్ల ఎగిరింది, ఎంత దూరం ఎగిరింది, తోక ఉండెనా అని అడిగారు గాని, నీ పక్కన ఎవరున్నారు అని ఎవరూ అడగలేదు. యేసేపు వచ్చి గట్టుకు ఆనుకున్నాడు.

"ముగ్గురం సూసినాము" అన్నాడు. "మా బిడ్డ మేరికి జొరం. నాలుగు దినాలనుంచి దిగల్యా. కంబళిలో సుట్టి వీపున కట్టుకోని తోట ఆస్పత్రికి పోతాండాము. ఆ వాన నీకు తెల్దక్కా, పైనుంచి పడదు, చుట్టూ ఉంటాది. దోవలో ఒగ కుంట. కుంట మీదికి వంగిన చెట్టుకు ఆకుల్లో తెల్లగా నురుగు యాలాడతాండాది. ఏందబ్బా అని నిలబడితిమి. ఆ నురుగు పక్కన, పచ్చగా, ఆకు ఏదో అది ఏదో తెలీకుండా కూసోనుంది. వేళ్ళ మధ్యన ఎర్రగా పల్చటి తోలు. మేము సూస్తాండంగానే కాళ్ళు నాలుగూ పరిచి వదిలేసె. కుంటలో పడతాదనుకుంటిమి. పడల్యా. ఆ గట్టు మీద చెట్టుకు పోయి అంటుకునె. పది పన్నెండు గజాలు ఉంటాది."

"మేరి నవ్వె" అన్నాడు. "నాలుగు దినాలు నీళ్ళు గూడ అడగని బిడ్డ. నా చెవి కాడ నవ్వె. నాయనా, ఇంగోసారి ఎగరమను అనె. వానలో సేనాసేపు నిలబడితిమి. అది మళ్ళ ఎగరల్యా. మూడో దినం బిడ్డ పాయె."

భీమమ్మ పుల్ల కింద పడేసింది. ఆమె కూడా అందరిలా నవ్వినదే. నిన్న పొద్దున దాకా మనసులో అతన్ని ఎగిరే కప్ప అనే అనుకుంది. ఇప్పుడు ఆ సంగతి తలచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అంతలో ఈరప్ప బండి అటు వచ్చింది. తెల్లటి చొక్కా, భుజాన జరీ అంచు తువ్వాలు. బండి దిగకుండానే చేను మొత్తం కలియజూసి, తన సొంత పొలం చూసుకుంటున్నట్టు తృప్తిగా తలాడించాడు. భీమమ్మ అక్కడ ఉన్నట్టే చూడలేదు.

"ఏం యేసేపా, చేను కొలుస్తాండావా? ఏదీ, ఆ కప్ప ఎట్ల ఎగిరెనో ఒగసారి సూపియ్యి. మావాడు సూడల్యా" అన్నాడు బండి తోలేవాణ్ణి చూపిస్తూ.

ఇదివరకు ఎవరడిగినా యేసేపు చేతులు చాచి చూపించేవాడు. నవ్వుతారని తెలిసీ చూపించేవాడు, ఒక్కడైనా నమ్మకపోతాడా అని. ఇప్పుడు చేతులు కదపలేదు.

"సరే, శుక్రవారం సూపిద్దువులే. ఇన్‌స్పెక్టరు గూడ సూడాల గదా" అని ఈరప్ప బండి కదిలించాడు. బండివాడు మాత్రం ఊరు చేరేదాకా నవ్వుతూనే పోయి ఉంటాడు.

శుక్రవారం పొద్దున యేసేపు సంగటి ముద్ద ముందర కూర్చున్నాడు. వేళ్ళు ముద్దలో పెట్టాడు, తీశాడు.

"భీమమ్మది అదొగ్గటే చేను" అన్నాడు. "అది పోతే ఆమెగూడ రైలెక్కాల్సిందే. దుంకింది అంటే ఏమైతాది మే?"

దానమ్మ అతనికి ఎదురుగా కూర్చుంది. ఈసారి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే యేసేపుకు బాగుండేది.

"మేరి సచ్చిపోయేముందు సూసిన మంచిది అదొగ్గటే. అది గూడ అబద్దమని నలుగుర్లో సెప్తావా? అట్ల సెప్పినోనివి ఇంటికి రావద్దు."

యేసేపు ముద్ద తినకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

చావడిలో ఇన్‌స్పెక్టరు బల్ల ముందు కూర్చున్నాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన నడివయసు మనిషి, ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో కలిసిన తర్వాత వచ్చినవాడు. ఎండకు మొహం కమిలిపోయి ఉంది. పక్కన కరణం, వెనక గోడకానుకుని ఈరప్ప. భీమమ్మ మెట్ల పక్కన నిలబడింది. యేసేపు మెట్ల కింద. కిరస్తానపు గేరి వాళ్ళు ఎప్పుడు వచ్చినా నిలబడే చోటది. ఊరు సగం అక్కడే ఉంది.

ప్రమాణం చేయించారు. దేవుని ఎదుట నిజమే చెప్పుతానని యేసేపు ఒక్కొక్క మాటే తిరిగి పలికాడు. తర్వాత బండలచేను సంగతి చెప్పాడు. ఏ బండ ఏ ఏడు పగిలింది, గట్టు ఏ మూల నుంచి మొదలుపెట్టారు, మొదటి పంట ఏది, నాగప్ప చెయ్యి ఏ రాయి కింద పడి నలిగింది. ఈశాన్యం మూలలో కాలిన సగం బండ మూరెడు లోతున ఉందని కూడా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు కలం ఆగకుండా సాగింది. మధ్యలో ఒకసారి ఈరప్పను చూసి, ఆ మూల ఏముందో నీకు తెలుసా అని అడిగాడు. ఈరప్ప తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

అప్పుడు కరణం దగ్గి, మర్యాదగా ముందుకు వంగాడు.

"సార్, రాసేముందు ఒక మనవి. ఈ సాక్షిని ఊళ్ళో ఎవరూ నమ్మరు. కప్పలు ఆకాశంలో ఎగురుతాయని చెప్పే మనిషి. కావాలంటే అడగండి."

జనంలో నవ్వు లేచింది. ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టాడు.

"ఏమయ్యా, నిజమేనా? కప్ప ఎగిరిందన్నావా?"

"అన్నాను సామీ."

"పిట్ట ఎగిరినట్టా?"

"రెక్కలు ల్యావు సామీ. కాళ్ళు పరుస్తాది."

ఈసారి నవ్వు చావడి లోపలికి కూడా పాకింది. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. ఈ కాగితం తహశీల్దారు బల్ల మీదికి పోతుందనీ, కప్పలు ఎగురుతాయన్న మనిషి సాక్ష్యం అక్కడ ఎంతోసేపు నిలవదనీ అతనికి తెలుసు. కాసేపు కాగితాన్ని చూసి, తలారి వైపు తిరిగాడు.

"పిల్లలు గంతులేస్తుంటే మీరు ఏమంటారయ్యా?"

"ఎగురుతాండారంటాము సామీ" అన్నాడు తలారి.

"నేనూ వస్తూ విన్నాను. ఎవరో తల్లి గట్టు మీద ఎగరొద్దని పిల్లాణ్ణి కసురుతోంది." ఇన్‌స్పెక్టరు యేసేపు వైపు తిరిగాడు. గొంతులో వెటకారం లేదు, మేలు చెయ్యాలన్న ఆత్రమే ఉంది. "మీ భాషలో ఎగరడమంటే దుమకడమే. కప్ప దుమికింది, నువ్వు ఎగిరిందన్నావు. నలుగురూ దాన్ని ఇంకోలా అనుకున్నారు. అంతే కదా? అవునను, రాసుకుంటాను."

ఒక్క అవును. యేసేపు నోరు తెరిచాడు. మేరి నవ్వు తగిలిన చెవి అతనికి వేడెక్కినట్టయింది. చేతులు రెండూ పక్కలకు బిగుసుకుపోయాయి. అవునంటే భీమమ్మకు చేను వస్తుంది, కాదంటే పోతుంది. ఇది అతనికి తెలియని లెక్కేమీ కాదు. అయినా నాలుక తిరగలేదు. అంతకు ముందే దేవుని పేరు పలికిన నోరది.

"వద్దు సామీ, ఆయప్పను అడగొద్దండి."

మాట్లాడింది భీమమ్మ. మెట్టు దిగి యేసేపు నిలబడిన చోటికి వచ్చింది.

"ఆ కప్పను సూసింది ఆయప్ప ఒగ్గడే కాదు, సచ్చిపోయిన బిడ్డ గూడ సూసింది. నా చేని కోసరం ఆ బిడ్డ సూసింది ల్యాదని సెప్పిచ్చొద్దు. పోతే పోనియ్యండి. నేను యాడన్నా బతుకుతాను."

జనంలో నవ్వు ఆగింది. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి పట్టుకున్నాడు, ఏం చెయ్యాలో అతనికీ తోచలేదు.

జనం వెనక కదలిక వినిపించింది. దానమ్మ అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది. పొద్దున్నుంచీ అక్కడే, అందరి వెనకా నిలబడి ఉన్నట్టుంది. భీమమ్మ మొహంలోకి ఒకసారి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత బల్ల వైపు తిరిగింది.

"దుంకింది సామీ" అంది. "ఎగరల్యా. నేనూ ఆడనే ఉంటి. దుంకింది. అట్లే రాసుకోండి."

"నువ్వెవరమ్మా?"

"ఆయప్ప పెండ్లాన్ని. బిడ్డ తల్లిని."

ఆమె చూపు ఎవరి మీదా నిలపలేదు. ఇన్‌స్పెక్టరు యేసేపును అడిగాడు.

"ఏమయ్యా, అంతేనా?"

"అది సెప్పినట్లే రాసుకోండి సామీ" అన్నాడు యేసేపు. తన నోటితో ఆ మాట అనలేదు. అనకుండా తప్పించుకున్నాడని అతనికి తెలుసు, బరువు ఎవరు మోశారో కూడా తెలుసు.

ఊరి నవ్వు ఈసారి వేరే రకంగా వచ్చింది. చివరికి ఒప్పుకున్నాడప్పా, మూడేండ్లు మనల్ని ఆడిచ్చినాడు అనుకున్నారు. ఎవరో యేసేపు భుజం కూడా తట్టారు. ఇన్‌స్పెక్టరు కాగితాలు సర్దుకుని, పదండి చేను చూద్దామన్నాడు.

ఈశాన్యం మూలలో యేసేపే తవ్వాడు. గడ్డపార ఆరు పోట్లకే ఖంగుమంది. మట్టి చేత్తో తీసేసి, నీళ్ళు పోసి కడిగితే బండ బయటపడింది. ఎనిమిదేళ్ళయినా నలుపు పోలేదు, అంచున ఉలిదెబ్బలు వరసగా ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు వంగి ఆ దెబ్బల్లో వేలు పెట్టి చూశాడు. ఈరప్ప అప్పటికే బండెక్కాడు. సాగు నాగప్పదీ, అతని తర్వాత భీమమ్మదీ అని ఇన్‌స్పెక్టరు అక్కడే, గట్టు రాయి మీద కాగితం పెట్టుకుని రాశాడు. రాసిందంతా చదివి వినిపించాడు. అందులో సాక్షి కప్ప దుమికినదనే అర్థంలో మాట్లాడినాడని ఒక ముక్క ఉంది.

యేసేపు ఎడమచేతి బొటనవేలు సిరాలో అద్ది ఆ ముక్క కింద ముద్ర వేశాడు. వేసి, వేలును మట్టిలో రుద్దాడు. నల్లదనం కొంచెం పోయింది, అంతా పోలేదు. భీమమ్మ అతని కాళ్ళకు మొక్కబోతే వెనక్కి జరిగాడు. ఆమె దానమ్మ దగ్గరికి పోయి రెండు చేతులూ పట్టుకుంది.

జనం పోయాక మొగుడూ పెళ్ళాం గేరి వైపు నడిచారు. దానమ్మ ముందు, యేసేపు వెనక, భుజాన గడ్డపారతో. సగం దోవ దాటాక యేసేపు ఉండబట్టలేకపోయాడు.

"ఇంటికి రావద్దంటివి. నువ్వే సెప్తివి."

దానమ్మ నడక ఆపలేదు.

"భీమమ్మ వద్దనె గదా" అంది. "మన బిడ్డ కోసరం ఆమె చేను ఇడిసిపెడ్తాననె. మనోల్లు ఎవురన్నా అంత మాట అనిరా? ఇంగ నేను గట్టిగా పట్టుకోని ఏం సేసుకునేది."

"ఊరంతా అబద్దమనుకుంటారు."

"అనుకోనీ. సూసినోల్లకు తెలుసు." కొంచెం దూరం పోయాక ఆగింది. వెనక్కి తిరిగి, అతను వచ్చేదాకా నిలబడింది. కళ్ళు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు. "పొద్దున గూడ ఏమీ తినకపోతివి. నడు మేరి నాయనా, సంగటి సల్లారిపోయింటాది."

కాఫీ తోట నుంచి వచ్చిన ఈ మూడేళ్ళలో ఆమె అతన్ని ఆ పిలుపుతో పిలవలేదు. యేసేపు గడ్డపార భుజం మార్చుకుని ఆమె పక్కన నడిచాడు.